పావురాల గింజలు, ఆస్థాలిన్ డబ్బాలు, ఆక్సిజన్ గంటలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువభాగం ఆయాసం, దగ్గు గురించే. ఒకరికి చెబితే పదిమందికి పనికొచ్చేవి తీసుకున్నాను. పావురాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బెంగళూరు అపార్ట్‌మెంట్లలో చాలామంది దాన్ని బాల్కనీ పాడవడం అనే గొడవగానే చూస్తున్నారు, జబ్బుగా చూడటం లేదు.

ప్రశ్న: మేం మారతహళ్లిలో ఉంటాం. మా అత్తగారికి 61 ఏళ్లు, సొంతూరు కర్నూలు. ఎనిమిది నెలలుగా పొడిదగ్గు, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. టీబీ లేదన్నారు, యాంటీబయాటిక్స్ చాలానే వాడాం. ఇప్పుడు సీటీ స్కాన్ తీసి ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల కణజాలంలో వాపు, మచ్చలు తెచ్చే జబ్బులు) అన్నారు, ఇంట్లో పావురాలున్నాయా అని అడిగారు. పెంచడం లేదు కానీ అత్తగారు రోజూ పొద్దున్నే బాల్కనీలో గింజలు వేస్తారు. దానివల్ల ఊపిరితిత్తులు పాడవుతాయా? ఆవిడకి ఎలా చెప్పాలి?

జవాబు: పాడవుతాయమ్మా. మీ డాక్టరు సరైన ప్రశ్నే అడిగారు. పావురాల రెట్టలోనూ, వాటి ఈకల మీద ఉండే సన్నటి పొడిలోనూ కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, అవి ఎండి గాల్లో కలిసి లోపలికి వెళ్తాయి. అందరికీ ఏమీ కాదు, అదే ఇంట్లో ఉన్న మీకు దగ్గు లేదు కదా, కానీ కొందరి శరీరం వాటిని ఒప్పుకోదు, ఊపిరితిత్తుల లోపలి గాలితిత్తుల చుట్టూ వాపు తెచ్చుకుంటుంది. దీని పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, మేం పొట్టిగా హెచ్‌పీ అంటాం. ఇది ఇన్ఫెక్షన్ కాదు, అందుకే ఎన్ని యాంటీబయాటిక్స్ వాడినా దగ్గు తగ్గదు. ఆ గాలినే నెలలూ ఏళ్లూ పీలిస్తే వాపు కాస్తా మచ్చగా మారుతుంది, దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. వాపుగా ఉన్నప్పుడు దొరికితే చాలావరకు వెనక్కి వస్తుంది, మచ్చ కట్టిన భాగం మాత్రం తిరిగి రాదు. ఆ దశలో వీపు మీద స్టెతస్కోప్ పెడితే, గట్టిగా ఊపిరి తీసుకున్న ప్రతిసారీ చెప్పుల వెల్‌క్రో పట్టీ మెల్లగా విప్పుతున్నట్టు చిటపటలు వినిపిస్తాయి. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనబడకపోయినా ఆ చప్పుడు వింటే సీటీకి పంపాల్సిందే.

ఇదేదో అరుదైన జబ్బు అనుకోకండి. మన దేశంలో 19 నగరాల్లో, 27 ఆసుపత్రుల్లో ఐఎల్‌డీ ఉన్న 1,084 మందిని నమోదు చేసి 2017లో ఒక రిజిస్ట్రీ ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో దాదాపు 47 శాతం మందికి ఉన్నది హెచ్‌పీయే. అందులోనూ దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలి పీల్చినవాళ్లు. కర్నూలు అన్నారు కాబట్టి అడుగుతున్నా, అక్కడి ఇంట్లో పాత కూలర్ ఉందా? దాని గడ్డి పలకలు, అడుగున నిలిచిన నీళ్లు బూజు పట్టి ఉంటే అదీ ఈ జబ్బుకు కారణం కావచ్చు, పావురాలతో పాటు దాని సంగతి కూడా మీ డాక్టరుకు చెప్పండి. ఈకలు కూరిన దిండ్లు, రజాయిలు ఉంటే అవీ చెప్పండి.

మందుల సంగతి. వాపు తగ్గించడానికి స్టెరాయిడ్లు, అవసరమైతే రోగనిరోధక వ్యవస్థను కాస్త అణిచే మందులు ఇస్తారు. మచ్చ పెరుగుతూ పోతుంటే నింటెడానిబ్ ఉంది. ఇలా మచ్చ పెరుగుతున్న రకరకాల ఐఎల్‌డీలు ఉన్నవారి మీద చేసిన ఇన్‌బిల్డ్ ట్రయల్ 2019లో వచ్చింది, అందులో సుమారు నాలుగోవంతు మంది హెచ్‌పీ వాళ్లే, ఆ మందు వాడినవారిలో ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గే వేగం సగానికి పైగా నెమ్మదించింది. 2025లో నెరాండోమిలాస్ట్ అనే ఇంకో మాత్ర మీద ఫలితాలొచ్చాయి, అదీ వేగం తగ్గిస్తుంది. రెండూ మచ్చను మాత్రం చెరపవు. కాబట్టి ఖరీదైన మాత్ర వేసుకుంటూ అదే బాల్కనీలో కూర్చుంటే ఆ మాత్రకు అర్థం లేదు.

శుభ్రం చేసే పని అత్తగారు చేయకూడదు, ఆ టైంలో ఆవిడ ఇంట్లోనే ఉండకపోతే ఇంకా మంచిది. చేసేవాళ్లు ఎన్95 మాస్కు పెట్టుకుని, ముందు నీళ్లు చల్లి నానబెట్టి తుడవాలి, పొడిగా ఉన్నదాన్ని చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి గదుల్లోకి వస్తుంది. యుటిలిటీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక్కి ఒకసారి వంగి చూడండి, సాధారణంగా గూడు అక్కడే ఉంటుంది. వల కట్టించండి. పై ఫ్లాట్‌వాళ్లు కూడా గింజలు వేస్తుంటే మీ ఒక్కరి వల సరిపోదు, డాక్టరు చీటీ పట్టుకుని అసోసియేషన్‌తో మాట్లాడాలి, మొహమాటపడకండి.

ఇక ఎలా చెప్పాలంటే, ఆ మాట కోడలి నోటి నుంచి కాకుండా కొడుకు నోటి నుంచో డాక్టరు నోటి నుంచో వస్తే మంచిది. రిపోర్టు మీరు చదివి దాచేయకుండా ఆవిడనే తీసుకెళ్లి కూర్చోబెట్టి సీటీ బొమ్మలు చూపించమని అడగండి. పుణ్యం అనుకుని ఏళ్లుగా చేస్తున్న పని అది, తప్పు చేశావన్నట్టు ఎవరూ మాట్లాడొద్దు. ఆ గింజల డబ్బు ఆవిడ చేతుల మీదుగానే అన్నదానానికి ఇప్పించండి.

ప్రశ్న: వయసు 33, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కువ. స్టెరాయిడ్ భయంతో ఆస్థాలిన్ ఇన్‌హేలర్ ఒక్కటే వాడతాను, నెలన్నరకు ఒక డబ్బా అవుతుంది. ఇబ్బందేమీ లేదు, కొనసాగించవచ్చా?

జవాబు: వద్దు. ఒక డబ్బాలో 200 పఫ్‌లు, నెలన్నరకు ఒకటంటే ఏడాదికి ఎనిమిది. ఏడాదికి మూడు వాడితేనే తీవ్రమైన అటాక్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని, పన్నెండు అయితే ప్రాణాపాయం పెరుగుతుందని ఆస్తమా అంతర్జాతీయ మార్గదర్శకాలు, అంటే జీనా, స్పష్టంగా చెబుతున్నాయి. ఆస్థాలిన్‌లో ఉండే సాల్బుటమాల్ గాలిగొట్టాల చుట్టూ బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది, లోపలి వాపును ముట్టుకోదు. హాయిగా ఉంది కదా అని మీరు పనిలో పడిపోతారు, వాపు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. అందుకే 2019లో జీనా పెద్దలకూ టీనేజర్లకూ సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చే పద్ధతిని వద్దనేసింది. అర్ధశతాబ్దంగా వాడుతున్న పద్ధతిని అలా మార్చడం చిన్న విషయం కాదు.

దాని బదులు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్. ఫార్మోటెరాల్ కూడా కొద్ది నిమిషాల్లోనే పనిచేస్తుంది, కాబట్టి ఆయాసం వచ్చినప్పుడు అదే పీల్చుకోవచ్చు, దాంతో పాటే వాపు తగ్గించే మందు కూడా లోపలికి వెళ్తుంది. 2018లో వచ్చిన సిగ్మా ట్రయల్‌లో తేలికపాటి ఆస్తమా ఉన్నవాళ్లు అవసరమైనప్పుడు మాత్రమే ఇలా వాడితే, ఉపశమన మందు ఒక్కటే వాడినవాళ్లతో పోలిస్తే తీవ్రమైన అటాక్‌లు 64 శాతం తక్కువ. రోజూ స్టెరాయిడ్ పీల్చేవాళ్లకు అందిన మోతాదులో వీళ్లకు అందింది 17 శాతమే. మీరు భయపడుతున్న స్టెరాయిడ్ ఇంత చిన్నది. అటాక్ వచ్చి ఎమర్జెన్సీలో పడితే ఇచ్చే మాత్రలూ ఇంజెక్షన్లలో ఉండేది దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే మీ వాడకం చూస్తే మీది తేలికపాటిదిలా లేదు, రోజూ కూడా వాడాల్సి రావచ్చు, అది మీ డాక్టరు ఊదుడు పరీక్ష చేసి తేలుస్తారు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి. పిల్లల సంగతి అడిగేవాళ్ల కోసం ఒక మాట: న్యూజిలాండ్‌లో 5 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద ఇదే పోలిక చేసి 2025లో ప్రచురించారు, వాళ్లలోనూ అటాక్‌లు బాగా తగ్గాయి.

ప్రశ్న: మా నాన్నగారికి 70, బీడీల వల్ల సీఓపీడీ (గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు). పోయిన నెల డిశ్చార్జ్ చేస్తూ రోజుకు 15 గంటలు ఆక్సిజన్ పెట్టమన్నారు. కేఆర్ పురంలో మా దగ్గరే ఉన్నారు. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ రీడింగ్ 90, 91 ఉంటుంది, 98 రావాలని మేం 5 లీటర్లు పెడుతున్నాం. బంధువులు 24 గంటలూ పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ 5 లీటర్లు ఇవాళే మీ డాక్టరుకు ఫోన్ చేసి సరిచేయండి, చీటీలో రాసినంతే పెట్టండి. సీఓపీడీలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే అవకాశం ఉంటుంది, ఆక్సిజన్ మరీ ఎక్కువ ఇస్తే అది ఇంకా పెరుగుతుంది. అందుకే వీళ్లకు సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచమంటాం, అంటే మీ నాన్నగారి 90 మంచి రీడింగే. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మత్తు, మాట తడబడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గంటల విషయానికొస్తే, ఆక్సిజన్ బాగా పడిపోయినవారికి రోజుకు 15 గంటలు పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980ల మొదట్లోనే తేలింది. 24 గంటలు పెడితే ఇంకా మేలా అన్నది స్వీడన్‌లో పరీక్షించి 2024లో ఫలితం చెప్పారు, ఏడాది తర్వాత ఆసుపత్రి పాలవడంలో గానీ మరణాల్లో గానీ తేడా లేదు. కాబట్టి నాన్నగారిని ట్యూబు తీసి భోజనానికి రానివ్వండి, స్నానం చేయనివ్వండి, కాసేపు కారిడార్‌లో నడవనివ్వండి. రాత్రి నిద్రలో పెడితే ఎక్కువ గంటలు కలిసొస్తాయి. డిశ్చార్జ్ సమయంలో ఒంట్లో బాగోలేక తక్కువున్న ఆక్సిజన్ రెండు మూడు నెలల్లో కోలుకోవచ్చు, అప్పుడు మళ్లీ పరీక్ష చేయించాలి, కొందరికి మిషన్ అవసరమే ఉండదు. మిషన్ నడుస్తుండగా దగ్గర్లో దీపం, అగరొత్తి, గ్యాస్ స్టవ్ ఉండకూడదు. బీడీ అసలే వద్దు, ముఖం కాలినవాళ్లున్నారు.

ప్రశ్న: అమ్మ ఏనాడూ పొగతాగలేదు, హిందూపురం దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది. ఇప్పుడు సీఓపీడీ అంటున్నారు. దీనికి కొత్త ఇంజెక్షన్ వచ్చిందట, వేయించవచ్చా?

జవాబు: కట్టెల పొగ వల్ల సీఓపీడీ వస్తుంది, మన పల్లెల్లో ఆడవాళ్లలో ఇదే పెద్ద కారణం. మీరు విన్నది డుపిలుమాబ్ అయి ఉండాలి, 2024లో అమెరికా అనుమతి ఇచ్చింది. మూడు మందుల ఇన్‌హేలర్ వాడుతున్నా జబ్బు మళ్లీ మళ్లీ ముదిరేవారిలో, రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు 300 పైన ఉంటే, ఆ ముదరడాలు సుమారు మూడోవంతు తగ్గాయి. కానీ 2023లో వచ్చిన మొదటి ట్రయల్‌లో తీసుకున్నది పొగతాగిన చరిత్ర ఉన్నవారినే, అమ్మలాంటి వాళ్లను కాదు. పైగా మన దగ్గర నులిపురుగుల వల్లా ఈసినోఫిల్స్ పెరుగుతాయి. ఖర్చు కూడా చాలా ఎక్కువ.

అమ్మకు స్పైరోమెట్రీ, అంటే ఊదుడు పరీక్ష, చేశారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. అది లేకుండా సీఓపీడీ అని తేల్చడం కుదరదు, ఆస్తమా కూడా ఇలాగే కనబడుతుంది, దాని మందు వేరు. ముందు అది చేయించండి, ఆవిడ ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో డాక్టరు ముందు ఒకసారి పీల్పించి చూపించండి, ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు వేయించండి. ఊరికి వెళ్తే గ్యాస్ మీదే వండాలి, స్నానానికి నీళ్లు కాచే పొయ్యి దగ్గర కూడా ఆవిడ కూర్చోకూడదు.