రెండు అబార్షన్ల తర్వాత, 42 ఏళ్ళకి ఐవీఎఫ్: సొంత ఎగ్సా, డోనరా?

మీకు 42 ఏళ్ళు, రెండుసార్లూ మూడో నెల రాకముందే అబార్షన్ అయింది. డాక్టర్ ఐవీఎఫ్ అంటున్నారు, అత్తగారు "ఇక వదిలేయండి" అంటున్నారు. సొంత ఎగ్స్‌తో (అండాలతో) వెళ్ళాలా, డోనర్ ఎగ్‌తోనా, అంటే వేరే ఆవిడ ఇచ్చిన అండంతోనా అని అడిగారు. నాకిప్పుడు 46. నాలుగేళ్ళ కింద అచ్చం ఇదే పరిస్థితి నాది. డాక్టర్ని కాను, ఖమ్మంలో లెక్కల టీచర్ని. నాకు జరిగింది చెప్తాను.

నాకు ఆలస్యంగా అర్థమైంది ముందే చెప్పేస్తా. ఐవీఎఫ్ అబార్షన్‌కి మందు కాదు. పిండాన్ని బయట తయారుచేసి లోపల పెడతారు, అంతే. మీకు నెల తప్పడం కష్టం కాలేదు, నిలవడమే కష్టమైంది. అందుకే ప్యాకేజీ ఎంత అని అడిగే ముందు, ఆ రెండూ ఎందుకు పోయాయని అడగండి.

నాకు మొదటిసారి 39లో. తొమ్మిదో వారం స్కాన్‌లో డాక్టరమ్మ కాసేపు చూసి, ఏమీ అనకుండా స్క్రీన్ తన వైపు తిప్పుకున్నారు. అప్పుడే తెలిసిపోయింది. డీ అండ్ సీ చేశారు, అంటే లోపల మిగిలింది తీసి గర్భసంచి శుభ్రం చేయడం. ఆ టిష్యూ టెస్ట్‌కి పంపొచ్చని మాకు తెలియదు, వాళ్ళూ చెప్పలేదు. రెండోసారి 41లో, ఏడో వారం. ఈసారి మావారు పట్టుబట్టి క్రోమోజోమ్ టెస్ట్‌కి పంపించారు. మూడు వారాలకి రిపోర్ట్ వచ్చింది: ట్రైసోమీ 16. పదహారో క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడున్నాయి, అది నిలిచేది కాదు. ఆ కాగితం పట్టుకుని ఏడ్చాను గానీ గుండెల మీంచి ఏదో దిగినట్టు కూడా అనిపించింది. అప్పటిదాకా బొప్పాయి తిన్నానని ఒకరు, స్కూల్లో మెట్లెక్కానని ఒకరు, గ్రహణం రోజు బయటికొచ్చానని ఇంకొకరు. నేనూ సగం నమ్మాను.

మిగతా టెస్టులు కూడా ఐవీఎఫ్‌కి ముందే చేయించుకోండి: థైరాయిడ్, షుగర్, గర్భసంచిలో అడ్డుపొర ఏమైనా ఉందా, భార్యాభర్తలిద్దరికీ కార్యోటైప్ (క్రోమోజోములు చూసే రక్తపరీక్ష), యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తం గడ్డకట్టేలా చేసి అబార్షన్‌కి కారణం కాగలవి). ఈ చివరిది పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చేసి ఖాయం చేసుకోవాలి. వీటిలో ఏది తేలినా దాని దారి వేరే. నావన్నీ నార్మల్ వచ్చాయి. ఇక మిగిలింది ఎగ్ వయసు.

మన ఎగ్స్ మనతోపాటే పుట్టినవి. నలభై దాటాక వాటిలో చాలావాటికి క్రోమోజోములు సరిగ్గా విడిపోవు. 42, 43 ఏళ్ళకి ఐదో రోజు దాకా పెరిగిన పిండాల్లో కూడా ఇంచుమించు నాలుగింట మూడు తేడాగానే ఉంటాయి. ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష చూసి టెన్షన్ పడతాం కదా, అది ఎన్ని ఎగ్స్ రావచ్చో చెప్తుంది గానీ ఎలాంటివో చెప్పదు. నాది 0.9, తక్కువే.

మొదలుపెట్టే ముందే సొంత ఎగ్స్‌తో రెండు సైకిళ్ళు (ఇంజెక్షన్లతో ఎగ్స్ పెంచి, తీసి, పిండాలు చేసే ఒక విడతే సైకిల్), అంతకు మించి వద్దని రాసిపెట్టుకున్నాం. మొదటి సైకిల్‌లో ట్రిగర్ ఇంజెక్షన్ (ఎగ్స్ పూర్తిగా పక్వం అయ్యేందుకు ఇచ్చే చివరిది) రోజునే వైరాలో మా పెదనాన్న మనవరాలి పెళ్ళి. ఎగ్స్ తీసే టైమ్‌కి సరిగ్గా 36 గంటల ముందు పడాలది, రాత్రి తొమ్మిదిన్నరకి. వంటవాళ్ళ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెల మధ్య దాచాను. అక్షింతలు వేసొచ్చి, విడిది గదిలో గడియపెట్టుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు పక్కకి తీసి మావారే పొడిచారు. బయట మా పిన్ని తలుపు కొడుతూ "విశేషం ఏమన్నా ఉందా?" అని అడుగుతోంది!

అయిదు ఎగ్స్ వచ్చాయి. మూడు ఫర్టిలైజ్ అయితే అయిదో రోజుకి ఒకటి మిగిలింది. దానికి పీజీటీ టెస్ట్ (లోపల పెట్టేముందే పిండం క్రోమోజోములు చూసేది) చేయిస్తే క్రోమోజోములు తేడా అని వచ్చింది. (ఆ రిపోర్ట్‌లో ఆడో మగో చెప్పరు, చట్టం ఒప్పుకోదు. మా ఆడపడుచు మొదట అడిగింది అదే.) ఒకే పిండానికి టెస్ట్ దండగ అనే డాక్టర్లూ ఉన్నారు. నేను మాత్రం మూడో డీ అండ్ సీ తప్పించుకోవడానికే చేయించుకున్నాను. రెండో సైకిల్‌లో నాలుగు ఎగ్స్. ఏడో తరగతికి భిన్నాలు చెప్తుంటే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది, అయిదో రోజుకి ఏదీ మిగల్లేదని. బోర్డు మీద లెక్క పూర్తి చేసే బయటికి వెళ్ళాను.

రెండింటికీ కలిపి మాకు అయిదు లక్షలు దాటింది. ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇంజెక్షన్లు, ఫ్రీజింగ్, పీజీటీ, ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని లోపల పెట్టడం) ప్యాకేజీలో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి.

డోనర్ ఎగ్‌కి ఒప్పుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. మావారికి పది నిమిషాలు. ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం డోనర్ వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు ఎగ్స్‌కి మించి తీయకూడదు. ఆమె ఎవరో మనకి చెప్పరు. ట్రీట్‌మెంట్‌కి మన వయసు 50, భర్త వయసు 55 దాటకూడదు. పిండం నిలవడం చాలావరకు డోనర్ వయసుని బట్టే. కానీ బీపీ, షుగర్ మన వయసుకే వస్తాయి, అది మర్చిపోవద్దు. మాకు ఏడు ఎగ్స్‌లో మూడు పిండాలు వచ్చాయి. మొదటి ట్రాన్స్‌ఫర్ నెగటివ్. రెండోది నిలిచింది. గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టరాన్ ఇంజెక్షన్లకి నడుం కింద గడ్డలు కట్టి, స్టాఫ్ రూమ్‌లో కుర్చీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చునేదాన్ని. తొమ్మిదో వారం దాటినా సంతోషం అనేదే రాలేదు. బాత్‌రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ ముందు రక్తం ఉందా అని చూసుకోవడమే. సీమంతం వద్దన్నాను. బీపీ పెరిగి 37 వారాలకే సిజేరియన్ చేశారు. పాపకిప్పుడు ఏడాదిన్నర.

మీ స్థానంలో నేనుంటే ఇప్పుడైనా ఒక సైకిల్ సొంత ఎగ్స్‌తో చేస్తాను. అది చేయకపోతే తర్వాత మనసు పీకుతూనే ఉంటుంది. రెండోది మాత్రం చేయను. అత్తగారి మాట మీద కోపం పెట్టుకోకండి. వదిలేయడం కూడా ఒక నిర్ణయమే, కాకపోతే అది మీరిద్దరూ తీసుకోవాల్సింది.

మా మూడో పిండం ఇంకా ఫ్రీజింగ్‌లోనే ఉంది. పదేళ్ళ దాకా ఉంచొచ్చు. ఏటా ఫీజు కట్టమని మెసేజ్ వస్తుంది. మొన్న వచ్చినప్పుడు మావారు చదివి, ఏమీ అనకుండా ఫోన్ బల్ల మీద పెట్టేశారు. నేనూ అడగలేదు.

ఇంతకీ మీ రెండోసారి టిష్యూ టెస్ట్‌కి పంపారా? డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటుంది, చూసి కింద రాయండి.