వినతిపత్రం ఇస్తే మెమో ఇచ్చారు, మేం చేసింది తప్పా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా స్థాయి ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. మా ఉద్యోగుల సంఘం ఆఫీసు యూనిట్‌కు కార్యదర్శిని కూడా. సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టరైంది, ప్రభుత్వ గుర్తింపు మాత్రం ఇంకా రాలేదు. ఆఫీసులో 41 మందిమి, అందులో 17 మంది ఆడవాళ్లు. వాళ్లకున్న ఒక్క టాయిలెట్‌కు ఏడు నెలలుగా తాళం. ఆదివారాలు, రెండో శనివారాలు పిలిచి పని చేయిస్తున్నారు, అంతా నోటిమాటే, ఆర్డరు లేదు. ముగ్గురికి ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. ఇవన్నీ సంఘం లెటర్‌హెడ్ మీద రాసి, 26 మంది సంతకాలతో మా అధికారికి ఇచ్చాం. నాలుగో రోజున మా అధ్యక్షుడికి, నాకు మెమోలు వచ్చాయి. గుర్తింపు లేని సంఘం పేరుతో సంతకాలు సేకరించడం ప్రవర్తనా నియమాలకు విరుద్ధమట, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. సంతకం పెట్టిన ఇద్దరు ఔట్‌సోర్సింగ్ వాళ్లను తీసేయిస్తామని కూడా అంటున్నారు. మావాళ్లు సోమవారం నల్లబ్యాడ్జీలు, బుధవారం మూకుమ్మడి సెలవు అని పట్టుబడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలో చెప్పగలరు.
ఒక పాఠకుడు

జవాబు: ముందుగా బుధవారం సంగతి. ఆ మూకుమ్మడి సెలవు ఆలోచన ఈ రోజే మానుకోండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మెమో కాదు, ఈ సెలవే. మెమోకు జవాబుంది. మూకుమ్మడి సెలవుకు జవాబు చెప్పడం చాలా కష్టం.

ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు 1964లో 4వ నియమం సమ్మెనే కాదు, సమ్మె లాంటి చర్యలనూ నిషేధిస్తుంది. అలాంటి చర్యలంటే ఏమిటో ఆ నియమం కింద వివరణలోనే ఉంది. అనుమతి లేకుండా పనికి రాకపోవడం, పై అధికారి మీదో ప్రభుత్వం మీదో ఒత్తిడి తేవడానికి పని పక్కన పెట్టడం, నిరాహార దీక్ష, అందరూ కలిసి జీతం తీసుకోబోమనడం. క్యాజువల్ లీవు మన ఖాతాలో ఉన్నంత మాత్రాన అది హక్కు కాదు, మంజూరు కావాలి. 26 మంది ఒకే రోజుకు, ఒకే కారణంతో సెలవు చీటీలు ఇస్తే అది సెలవు కాదని ఎవరికైనా అర్థమవుతుంది. మంజూరు చేయకపోతే ఆ రోజు జీతం పోతుంది. దానితో ఆగితే ఫర్వాలేదు. కానీ ఇంతవరకూ మెమోలో సరైన ఆరోపణ అంటూ ఏమీ లేని అధికారికి, బుధవారం సాయంత్రానికల్లా మీ చేతులతో మీరే ఒక ఆరోపణ తయారుచేసి ఇచ్చినవాళ్లవుతారు.

సకల జనుల సమ్మె 42 రోజులు జరిగితే ఎవరి ఉద్యోగం పోయిందని మీ వాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు. నన్ను చాలామంది అడిగారు. 2011 నాటి ఆ సమ్మె వెనుక ఒక ప్రాంతం మొత్తం నిలబడింది. దాని తర్వాత ఏం చేయాలన్నది ప్రభుత్వాలు రాజకీయంగా తీసుకున్న నిర్ణయం. ఒక జిల్లా ఆఫీసులో 26 మందికి ఆ కొలమానం పనికిరాదు. మీరు చూడాల్సింది 2003 తమిళనాడు. అక్కడ సమ్మె చేసినందుకు లక్షమందికి పైగా ఉద్యోగులను తొలగించారు. ఆ వ్యవహారం మీదే టి.కె. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే హక్కు రాజ్యాంగపరంగా గానీ, చట్టపరంగా గానీ, నైతికంగా గానీ లేదని చెప్పింది. చాలామందిని తిరిగి తీసుకున్నారు, నిజమే. బేషరతుగా క్షమాపణ రాసిచ్చి, ఇకపై సమ్మెను నిషేధించే నియమానికి కట్టుబడి ఉంటామని హామీ ఇచ్చాకే తీసుకున్నారు. ఇంత కఠినంగా చెప్పిన తీర్పుతో నాకు మనసులో ఏకీభావం లేదు. అయినా ఈ రోజుకు చట్టం అదే, నా క్లయింటుకు నేను అదే చెప్పాలి.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు చేసింది తప్పు కాదు.

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. ఉద్యోగంలో చేరినంత మాత్రాన గుమాస్తా పౌరుడు కాకుండా పోడు. ప్రభుత్వం గుర్తించని సంఘంలో ఉద్యోగి సభ్యుడిగా ఉండకూడదని ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వ ప్రవర్తనా నియమాల్లో 4-బి అని ఒక నియమం ఉండేది. ఓ.కె. ఘోష్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1962లోనే దాన్ని కొట్టేసింది. గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం చేతిలో ఉంటే, సంఘంలో చేరే హక్కు కూడా ప్రభుత్వం దయ మీద ఆధారపడినట్టే అవుతుందని ఆ తీర్పు సారాంశం. మీ మెమోలో 'గుర్తింపు లేని సంఘం' అన్న మాటకు ఇంతకంటే సూటి సమాధానం లేదు.

అయితే గుర్తింపుకు విలువ లేదని అనుకోకండి. మన రాష్ట్రంలో ఉద్యోగ సంఘాల గుర్తింపుకు 2001 నాటి నియమాలున్నాయి. గుర్తింపు ఉంటే ప్రభుత్వం మీ సంఘంతో సంఘంగా ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుతుంది, చర్చలకు పిలుస్తుంది, ప్రభుత్వమూ సంఘాలూ కలిసి చర్చించే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్‌లో చోటు దొరికే దారి ఏర్పడుతుంది. గుర్తింపు లేకపోతే మీతో చర్చలకు కూర్చోనని అధికారి అనవచ్చు. సంఘంలో ఉండటమే నేరమని మాత్రం అనలేడు. గుర్తింపుతో షరతులూ వస్తాయి. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల సంఘం నాయకులు జీతాల ఆలస్యం గురించి గవర్నర్‌ను కలిస్తే, మీ గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని ప్రభుత్వం నోటీసిచ్చింది. గుర్తింపు ఉన్న సంఘానికే ఆ పరిస్థితి వచ్చింది. కాబట్టి కాగితం ఏ దారిలో వెళ్తుందన్నది మీరు చాలా జాగ్రత్తగా చూసుకోవాలి.

మీ వినతిపత్రంలో నాకు కనిపించిన లోపం అక్కడే ఉంది. మూడు రకాల సమస్యలను ఒకే కాగితంలో పెట్టారు. టాయిలెట్, సెలవు రోజుల్లో పని, ఈ రెండూ అందరివీ. వీటిని సంఘం అడగవచ్చు. ఇంక్రిమెంటు ఆ ముగ్గురి సొంత సర్వీసు విషయం. ఒక్కొక్కరి సర్వీసు విషయాన్ని సంఘం నెత్తికెత్తుకోవడాన్ని గుర్తింపు నియమాలు ఒప్పుకోవు, కేంద్ర ప్రభుత్వ నియమాల్లో అయితే ఈ మాట స్పష్టంగానే రాసి ఉంది. ఆ ముగ్గురూ ఎవరికి వారు తమ పేరుతో, సరైన మార్గంలో, అంటే తమ పై అధికారి ద్వారా దరఖాస్తు ఇవ్వాలి. ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు, సెలవుల వంటి విషయాలు చెప్పే ఫండమెంటల్ రూల్స్‌లో 24వది ప్రకారం, నిలిపివేస్తూ ఉత్తర్వు లేనప్పుడు ఇంక్రిమెంటు మామూలుగా జీతంలో కలవాలి. నిలిపివేయడం ఒక శిక్ష, దానికి నోటీసు, సంజాయిషీ, ఉత్తర్వు ఉండాలి. కాబట్టి వాళ్లు రాయాల్సింది చాలా చిన్నది: ఫలానా తేదీన నా ఇంక్రిమెంటు పడాలి, పడలేదు, నిలిపివేసిన ఉత్తర్వు ఏదైనా ఉంటే దాని నకలు ఇప్పించండి. ఉత్తర్వు లేకపోతే ఆఫీసు దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

టాయిలెట్ గురించి మీరు ఒక్క వాక్యం రాశారు. నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను. 17 మంది ఆడవాళ్లు పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా, ఏడు నెలలుగా. నీళ్లు తాగడం మానేసి ఉంటారు. పక్కింటివాళ్లను బతిమాలుకుని ఉంటారు. నెలసరి రోజుల్లో సెలవులు పెట్టుకుని ఉంటారు. మీ వినతిపత్రంలో ఇది మూడో అంశంగానో నాలుగో అంశంగానో ఉండి ఉంటుందని నా అనుమానం. దీన్ని మొదట పెట్టండి, విడిగా పెట్టండి, ఆ 17 మంది సంతకాలతోనే పెట్టండి. 2025 జనవరి 15న రాజీబ్ కలితా కేసులో సుప్రీంకోర్టు కోర్టు ప్రాంగణాల్లో టాయిలెట్ల గురించి తీర్పిస్తూ, శుభ్రమైన టాయిలెట్ అందుబాటులో ఉండటం 21వ అధికరణం కింద గౌరవంగా జీవించే హక్కులో భాగమని చెప్పింది. అది కోర్టుల గురించిన కేసే అయినా, ఆ సూత్రం మీ ఆఫీసు గుమ్మం దగ్గర ఆగిపోదు. మీలో దివ్యాంగులు ఎవరైనా ఉంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆయనకు వాళ్లు విడిగా రాయవచ్చు.

దీనితో పాటు మీలో ఒకరు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. సంఘం పేరుతో కాదు, వ్యక్తి పేరుతో, ఎందుకంటే ఆ హక్కు పౌరుడిది. జిల్లా ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు. టాయిలెట్ మరమ్మతుకు ఎప్పుడు ప్రతిపాదన పంపారు, డబ్బు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఫైలు నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. చాలా ఆఫీసుల్లో ఈ దరఖాస్తు అందిన వారానికే ప్లంబర్ రావడం నేను చూశాను.

సెలవు రోజుల్లో పని గురించి: అత్యవసరమైతే పిలిచే అధికారం అధికారికి ఉంది, రానని మొండికేయకండి. కానీ వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు హాజరు రిజిస్టరులో సంతకం పెట్టండి, మర్నాడు కాంపెన్సేటరీ లీవు కోసం రెండు లైన్ల కాగితం ఇవ్వండి. నోటిమాటకు కాగితం పుట్టేది అలాగే.

ఇప్పుడు మెమోకు జవాబు. మూడు రోజులు చాలవనుకుంటే గడువు లోపలే ఇంకో వారం కావాలని రాసివ్వండి. గడువు దాటనివ్వకండి. ఇది అభియోగాలు మోపే చార్జి మెమో కాదు, సంజాయిషీ అడిగే మెమో మాత్రమే. ఉద్యోగుల మీద శిక్షలు, విచారణల పద్ధతి చెప్పే 1991 సీసీఏ నియమాల కింద క్రమశిక్షణ చర్య ఇంకా మొదలవలేదు. కానీ మీరిచ్చే జవాబే రేపు ఫైల్లో మొదటి కాగితం అవుతుంది. కోపం వద్దు, క్షమాపణా వద్దు. క్షమించండి అని రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే. నేనైతే ఇలా రాస్తాను:

"తేది ... నాటి మెమో అందినది. సదరు వినతిపత్రము ఆఫీసు పనివేళలకు భంగము కలుగకుండా, తమకే నేరుగా, మర్యాదపూర్వకముగా సమర్పించబడినది. అందులోని అంశములు సిబ్బంది పని పరిస్థితులకు సంబంధించినవి. సంఘ సభ్యత్వము భారత రాజ్యాంగము 19(1)(సి) అధికరణము ద్వారా సంక్రమించిన హక్కు. ప్రవర్తనా నియమావళిలోని ఏ నియమమును నేను ఉల్లంఘించితినో మెమోలో పేర్కొనబడలేదు. సదరు నియమమును తెలియజేసినచో తదుపరి వివరణ సమర్పించుకొనగలను."

చివరి రెండు వాక్యాలు తీసేయకండి. ఏ నియమమో చెప్పమని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. మీరిద్దరూ వేర్వేరుగా జవాబివ్వండి.

నల్లబ్యాడ్జీల విషయంలో చట్టం మీకు కొంత అనుకూలంగానే ఉంది. బీహార్ ప్రభుత్వం ఉద్యోగుల ప్రదర్శనలన్నింటినీ ఒక్క మాటతో నిషేధిస్తే, కామేశ్వర్ ప్రసాద్ కేసులో 1962లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. శాంతియుతమైన ప్రదర్శనకు ఉదాహరణగా, తమ కష్టం తెలియజేయడానికి బ్యాడ్జి పెట్టుకోవడాన్నే ఆ తీర్పు చూపించింది. సమ్మె హక్కు లేదని చెప్పిందీ అదే తీర్పు. కాబట్టి బ్యాడ్జి పెట్టుకుని సీట్లో కూర్చుని ప్రజల పని చేయండి, నినాదాలు వద్దు, కౌంటరు మూయవద్దు. అయినా సోమవారమే తొందర ఎందుకు? మెమోకు జవాబు, కొత్త వినతిపత్రాలు వెళ్లనివ్వండి. రెండు వారాలు చూసి, కదలిక లేకపోతే శాఖాధిపతికి సరైన మార్గంలోనే పంపుతూ, ముందుగా ఒక ప్రతి (అడ్వాన్స్ కాపీ) నేరుగా ఆయనకే పంపండి. బ్యాడ్జీలు ఆ తర్వాత. ఈలోపు ఆ కాగితాల ఫొటోలు వాట్సాప్‌లో తిప్పకండి. అక్కడి నుంచి పత్రికకు వెళ్తే, ఆఫీసు సమాచారం బయటపెట్టారన్న కొత్త మెమో మొదలవుతుంది.

ఔట్‌సోర్సింగ్ ఇద్దరి సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మీకు 311వ అధికరణం రక్షణ ఉంది, మామూలుగా విచారణ లేకుండా తీసేయలేరు. వాళ్లకు అది లేదు. ఏజెన్సీకి ఒక్క ఫోన్ వెళ్తే చాలు. కొత్త వినతిపత్రాల్లో వాళ్ల సంతకాలు పెట్టించకండి. పాత దాని విషయంలో, అది సిబ్బంది సౌకర్యాల గురించి తాము చేసుకున్న విన్నపం మాత్రమేనని, విధులకు ఎలాంటి ఆటంకం కలిగించలేదని వాళ్ల చేత ఈ రోజే విడిగా ఒక కాగితం ఇప్పించండి. నిజంగానే తీసేస్తే ఆ తేదీలే వాళ్ల కేసుకు ఆధారం. వాళ్ల లాయరు ఖర్చు మీ సంఘం భరించాలి. మీ కోసమే కదా సంతకం పెట్టింది.

మిమ్మల్ని బదిలీ చేస్తారేమో అన్న భయం మీ ఉత్తరంలో రాయలేదు గానీ ఉండే ఉంటుంది. బదిలీ ఉద్యోగంలో భాగమే, కోర్టులు మామూలుగా జోక్యం చేసుకోవు. కక్షతో చేశారని నిరూపించాలంటే తేదీల వరుస కావాలి, ఆ అధికారిని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. మన రాష్ట్రంలో ఇప్పుడు పరిపాలనా ట్రిబ్యునల్ లేదు, నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. గుర్తింపు లేని సంఘం కూడా కోర్టుకు రావచ్చని అఖిల భారతీయ శోషిత్ కర్మచారీ సంఘ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా నష్టపోయిన ఉద్యోగి ఒకరు పిటిషనరుగా పక్కన ఉండేలా చూసుకోండి. ప్రజా ప్రయోజన వ్యాజ్యం అని మాత్రం వేయకండి, సర్వీసు విషయాల్లో అది నిలవదు.

ఇవాళ చేయాల్సింది, మెమో జవాబు రెండు ప్రతులు రాసి, టపా సెక్షన్‌లో ఒకటి ఇచ్చి రెండో దాని మీద తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోవడం. తీసుకోనంటే గొడవ పడకండి, అదే రోజు స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి.