టెక్సాస్ పల్లె కౌంటీలో భూమి కొన్నాక పన్ను బిల్లు రాకపోతే?

పదెకరాలు కొన్నారు, బిల్లు రాలేదు, కట్టాలా అని అడిగారు. కట్టాల్సిందే. బిల్లు రాలేదన్న సాకు అక్కడ చెల్లదు. గడువు మామూలుగా జనవరి 31. దాటితే ఫిబ్రవరిలోనే పెనాల్టీ, వడ్డీ కలిపి 7 శాతం పడుతుంది, ఆపై నెలనెలా పెరుగుతుంది.

ముందు అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు వెబ్‌సైటులో మీ భూమి రికార్డు తెరిచి, అందులో ఉన్న అడ్రస్ చూడండి. పాత ఓనరుదే ఉంటే బిల్లు అక్కడికే పోతుంది. పన్ను కోసం భూమి విలువ లెక్కగట్టేది ఆ ఆఫీసు. పన్ను డబ్బు కట్టాల్సింది చాలా కౌంటీల్లో ట్యాక్స్ అసెసర్-కలెక్టర్ (పన్ను వసూలు చేసే అధికారి) దగ్గర. ఫోన్ చేసేటప్పుడు ఈ రెండూ కలిపేసుకోకండి.

అసలు టెన్షన్ వేరే ఉంది. పాత ఓనరుకున్న వ్యవసాయ రాయితీ మీకు దానంతటదే రాదు, మీ పేరున మళ్లీ దరఖాస్తు పెట్టాలి. సాగు ఆపి భూమిని వ్యవసాయం కాని పనికి మారిస్తే, ఆ స్థలానికి గత మూడేళ్లలో రాయితీ వల్ల తగ్గిన పన్ను కూడా వసూలు చేస్తారు.