మనిషి ఆస్పత్రికి రానంటే ఏం చేయాలి?

"నేను సంతకం పెడితే మా ఆయన్ని ఆస్పత్రిలో చేర్చుకుంటారా?" అని కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి అడిగింది. ఆయనకు కొన్నాళ్లుగా నిద్ర లేదు. పక్కింటివాళ్లు తన మాటలు వింటున్నారని ల్యాప్‌టాప్ కెమెరాకు ప్లాస్టర్ అంటిస్తున్నాడు. తిండి మానేశాడు. డాక్టర్ పేరెత్తితే గది తలుపేసుకుంటున్నాడు.

చేర్చుకోరమ్మా. ఇక్కడ భార్య సంతకానికి గానీ, కన్నతండ్రి సంతకానికి గానీ ఆ బలం లేదు. ఇంట్లోవాళ్లే ఎర్రగడ్డకు తీసుకెళ్లి చేర్పించడం చూసి పెరిగిన మనకు ఇది మింగుడుపడదు. కాలిఫోర్నియాలో రీగన్ గవర్నర్‌గా ఉండగా, 1967లో లాంటర్మన్-పెట్రిస్-షార్ట్ చట్టం వచ్చింది. మనుషుల్ని వాళ్ల ఇష్టంతో పని లేకుండా ఏళ్లకేళ్లు ఆస్పత్రుల్లో ఉంచేయడాన్ని ఆపడం కోసం తెచ్చిన చట్టమది. దాని ప్రకారం బలవంతంగా ఆస్పత్రిలో ఆపే అధికారం పోలీసులకూ, కౌంటీ (మన జిల్లా లాంటిది) అనుమతించిన వైద్య సిబ్బందికీ ఉంటుంది. అందరూ 'ఫిఫ్టీ వన్ ఫిఫ్టీ' అనే 5150 సెక్షన్ ఇదే. మానసిక జబ్బు వల్ల తనకు ప్రమాదం, ఇతరులకు ప్రమాదం, లేదా తిండీ బట్టా నీడా, తన భద్రత, అవసరమైన వైద్యం చూసుకోలేని స్థితి, ఈ మూడింటిలో ఒకటి ఉండాలి. మూడోదాంట్లోకి ఇప్పుడు తీవ్రమైన మద్యం, డ్రగ్స్ వ్యసనం కూడా వస్తుంది.

సంతకం చెల్లకపోయినా మీ మాట చెల్లుతుంది. ఇంట్లోవాళ్లు చెప్పే పాత విషయాలను కూడా పరిగణనలోకి తీసుకోవాలని చట్టంలోనే ఉంది. మనవాళ్లు పొరపాటు చేసేది ఇక్కడే. పోలీసులు గుమ్మంలో నిలబడితే పరువు అడ్డొచ్చి "కొంచెం టెన్షన్‌లో ఉన్నాడండీ, అంతే" అంటారు. అతను కూడా ఆ పది నిమిషాలూ చక్కగా మాట్లాడతాడు. వాళ్లు వెళ్లిపోతారు. "వింతగా ఉంటున్నాడు" అన్నా ఏమీ తేలదు. "మంగళవారం నుంచి అన్నం ముట్టలేదు, రాత్రి బాల్కనీ రెయిలింగ్ ఎక్కాడు, దూకేస్తే పీడ పోతుందన్నాడు" అని చూసింది చూసినట్టు చెప్పండి. పెంచొద్దు, దాచొద్దు. ఇవాళే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి: పుట్టిన తేదీ, ఎలర్జీలు, ఇండియాలో వాడిన మందుల జెనరిక్ పేర్లు, ఏ మందు పడింది, ఏది పడలేదు.

ప్రాణాపాయం ఉంటే 911. ఇది మానసిక ఎమర్జెన్సీ అని ముందే చెప్పి, సీఐటీ (మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లతో ఎలా మెలగాలో నేర్పే) శిక్షణ ఉన్న ఆఫీసర్‌ని పంపమని అడగండి. ఇంట్లో ఆయుధాలున్నాయో లేదో చెప్పండి. అంత తీవ్రంగా లేకపోతే 988కి (ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాలకు సాయం చేసే నంబరు) గానీ, కౌంటీ మొబైల్ క్రైసిస్ టీమ్‌కి గానీ ఫోన్ చేయండి.

ఎమర్జెన్సీ రూములో ఫోను, బెల్టు, షూ లేసులు తీసుకుంటారు. కంగారుపడకండి, ప్రాణం కాపాడటానికే. 5150 కింద ఆపగలిగేది గరిష్ఠంగా 72 గంటలే, ముందే పంపేయవచ్చు కూడా. మీరు ఫోన్ చేస్తే "ఆ పేరుతో పేషెంట్ ఉన్నారో లేదో చెప్పలేం" అంటారు. అతను అనుమతి ఇస్తే తప్ప వాళ్లు చెప్పలేరు, కానీ మీరు చెప్పేది వినడానికి వాళ్లకు అడ్డేమీ లేదు. "సరే, నేను చెప్పేది ఛార్టులో రాసుకోండి" అని కాగితం చదివేయండి. అత్తమామలకో అమ్మానాన్నలకో ఇంగ్లిష్ రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, ఉచితం. అనువాదం మీరు చేయొద్దు. మీ మీదే అనుమానం ఉన్నప్పుడు మీ నోటి నుంచి వచ్చే మాటను అతను నమ్మడు.

ఇంకా అవసరమనుకుంటే అదే చట్టంలోని 5250 సెక్షన్ కింద మరో 14 రోజుల వరకు ఉంచుతారు. అప్పుడు 4 రోజుల్లోపు విచారణ జరగాలి, అతని తరఫున మాట్లాడటానికి ఉచితంగా అడ్వొకేట్ ఉంటారు. జడ్జి దగ్గరకు వెళ్లే హక్కూ ఉంది. ఎమర్జెన్సీలో తప్ప, విచారణ లేకుండా సైకోసిస్ (లేనివి ఉన్నట్టు నమ్మే స్థితి) మందులు బలవంతంగా ఇవ్వకూడదని 1987లో కాలిఫోర్నియా కోర్టు తేల్చింది. అంటే చేరినా మందు వేసుకోకుండా కొన్నాళ్లు గడిచిపోవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

ఇక ఉద్యోగం, వీసా. ఇది నేరం కేసు కాదు. ఆస్పత్రి మీ కంపెనీకి ఫోన్ చేసి చెప్పదు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న కంపెనీలో ఏడాది పని చేసి ఉంటే చాలామందికి ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద 12 వారాల దాకా జీతం లేని సెలవు దొరుకుతుంది. ఇమిగ్రేషన్ చట్టం జబ్బు ఒక్కదాన్నే పట్టుకోదు, దానితోపాటు హాని చేసే ప్రవర్తన ఉందా అని చూస్తుంది. స్టాంపింగ్‌కి వెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. వీసా భయంతో మాత్రం ఫోన్ చేయడం ఆపకండి.

డిశ్చార్జి ఎప్పుడన్నది మీకు చివరి నిమిషంలో తెలియవచ్చు. మొదటి రోజే సోషల్ వర్కర్ పేరు కనుక్కుని, తర్వాతి సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ తేదీ, చేతిలో మందులు లేకుండా పంపొద్దని గట్టిగా అడగండి. అతను ఇంటికొచ్చేలోపు నిద్రమాత్రలు, పదునైన వస్తువులు తాళంలో పెట్టండి.