ఇల్లు–మరమ్మతు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అల్వాల్‌లో మా మేడ మీద రేకుల షెడ్డుంది. ఒకవైపే వాలు. చూరు పొడవు 40 అడుగులు, వెడల్పు 15 అడుగులు. చూరు నీటిని పట్టడానికి ఇప్పుడున్న జీఐ (జింకు పూత ఇనుము) గట్టర్ అతుకుల దగ్గర తుప్పుపట్టి గోడంతా తడుస్తోంది. అల్యూమినియం సీమ్‌లెస్ వేయించమంటున్నారు. సైజు, మందం ఎంత ఉండాలి?

జవాబు: సీమ్‌లెస్ అంటే రేకు చుట్టను మెషీన్‌తో సహా మీ ఇంటికే తెచ్చి, 40 అడుగులూ ఒకే ముక్కగా అక్కడికక్కడే వంచి తీయాలి. పది అడుగుల ముక్కలు ఆటోలో దింపి సీమ్‌లెస్ అంటే నమ్మకండి. అయితే మూలలు, చివరి మూతలు, పైపు దిగే రంధ్రాల దగ్గర అతుకులు దీనికీ తప్పవు. కారితే అక్కడే కారుతుంది.

సైజు విషయానికొస్తే, మీ కప్పు 600 చదరపు అడుగులు, అంటే సుమారు 55 చదరపు మీటర్లు. మన దగ్గర వాన రోజంతా కురిసేది తక్కువ, అరగంటలో దంచేసేదే ఎక్కువ. గంటకు 100 మి.మీ. వేగంతో పడితే నిమిషానికి 90 లీటర్లకు పైగా నీరు చూరు దిగుతుంది. అందుకే 5 అంగుళాలది కాదు, 6 అంగుళాల గట్టరే తీసుకోండి. మందం 0.8 మి.మీ. అడగండి. 0.7 కూడా అమ్ముతారు కానీ నిచ్చెన ఆనిస్తే సొట్టపడుతుంది. కోసిన ముక్క ఒకటి తీసుకుని స్క్రూగేజితో కొలిపించండి.

గట్టర్ ఎంత పెద్దదైనా నీరు దిగే దారి ఇరుకైతే పొంగుతుంది. చాలాచోట్ల జరిగే తప్పు ఇదే. 2×3 అంగుళాల రంధ్రం పెట్టి ఊరుకుంటారు. 3×4 అంగుళాలదైతే దారి రెట్టింపు. రెండు చివర్లా ఒక్కోటి పెట్టించి, కింద 4 అంగుళాల పీవీసీ పైపులకు కలపండి. నడుమ ఎత్తు ఉంచి, రెండు వైపులకూ ప్రతి 10 అడుగులకు పావు అంగుళం చొప్పున వాలు ఇవ్వాలి. మట్టం తాడు కట్టకుండా కంటిచూపుతో బిగిస్తే నీరు నిలిచి దోమలు చేరతాయి.

బ్రాకెట్లు రెండడుగులకొకటి, మొత్తం 21. గట్టర్ ముందంచు వెనకంచు కంటే అర అంగుళం కిందికి ఉండాలి. పొంగినా నీరు బయటికి పడుతుంది, గోడకు తగలదు. రేకు అంచు గట్టర్ లోపలికి రెండంగుళాలు రావాలి.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడించండి. షెడ్డు ఇనుప పైపులకు అల్యూమినియం నేరుగా తగలకుండా నడుమ రబ్బరు పట్టీ పెట్టాలి. తడిలో రెండు లోహాలు ఆనుకుంటే అల్యూమినియమే తినుకుపోతుంది. సిమెంటు పాలు పడినా మచ్చలు తేలి గుంతలు పడతాయి, కాబట్టి ప్లాస్టరింగ్ పూర్తయ్యాకే గట్టర్ ఎక్కించండి. అతుకులు మూయడానికి న్యూట్రల్ సిలికాన్ పేస్టు కావాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ లోహాన్ని కొరుకుతుంది. ఇంకొకటి: డిసెంబరు చలికీ మే ఎండకీ మధ్య 40 అడుగుల ముక్క సెంటీమీటరు దాకా సాగుతుంది. రెండు చివర్లా గోడకు ఆనించి బిగించనివ్వకండి, కాస్త సందు వదలమనండి.

ప్రశ్న: మా ఇంటి మీదికి వేపచెట్టు వాలి ఉంది. గట్టర్ మీద జాలీ వేస్తే శుభ్రం చేసే పని తప్పుతుందా?

జవాబు: తప్పదు, తగ్గుతుంది. వేపాకు సన్నం కాబట్టి పెద్ద కన్నాల జాలీలోంచి దూరిపోతుంది, పూత రాలే రోజుల్లో మరీను. సన్న కన్నాల అల్యూమినియం జాలీ వేయించండి. మే నెలాఖరులో ఒకసారి, దసరా ముందు ఒకసారి విప్పి కడగాలి. ఎండాకాలపు దుమ్ము అడుగున పేరుకుని, తొలివానకు బురదై రంధ్రం మూసేస్తుంది. ఇంకుడు గుంతకో సంపుకో నీరు మళ్లించేవాళ్లు ఈ మురికి నీటిని ముందు పక్కకు వదిలేయాలి. 55 చదరపు మీటర్ల కప్పుకు తొలి మిల్లీమీటరు వాన అంటే 55 లీటర్లు. కింద అంత పట్టే గొట్టం, దానికో ట్యాప్ ఉంటే చాలు.

ప్రశ్న: మాది చదును శ్లాబు, చుట్టూ పిట్టగోడ. మేమూ గట్టర్ వేయించాలా?

జవాబు: అక్కర్లేదు. శ్లాబు వాలు సరిచేయించి, నీరు దిగే తూముల నోళ్లు చూసుకోండి. గట్టర్ వాలు కప్పులకే.