ఆన్‌లైన్ గేమ్స్ ఆడుతూనే ఇంట్లోవాళ్లకి, ఫ్రెండ్స్‌కి టైమ్ ఇవ్వడం ఎట్టా?

పూర్తిగా మానెయ్యక్కర్లేదండి, నేను నెల్లూరులో జాబ్ చేసుకుంటూ ఇప్పటికీ ఫోన్లో బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ఆడతా. అసలు ఇబ్బంది ఏందంటే ఆన్‌లైన్ మ్యాచ్‌ని మధ్యలో ఆపలేం, అందులో ఎరాంగెల్ అనే మ్యాప్‌లో చివరిదాకా బతికితే దాదాపు అరగంట పడతది, ఈలోపు అమ్మ అన్నానికి పిలిస్తే "ఆ వస్తన్నా" అంటాం, లేచేసరికి అందరూ తినేసుంటారు, రోజూ ఇట్టాగే జరిగితే ఇంక పిలవడం కూడా మానేస్తారు, అది చాలా బాధగా ఉంటది. అందుకే "గంట ఆడతా" అనుకోకుండా "రెండు మ్యాచ్‌లు" అని లెక్క పెట్టుకోండి, అదీ భోజనం అయ్యాకే. డైలీ మిషన్ల (గేమ్ రోజూ ఇచ్చే టాస్కుల) కోసం లాగిన్ అవ్వకండి, అవి మనల్ని రోజూ రప్పించడానికే పెట్టారు.

నిద్ర, చదువు, ఉద్యోగం పాడవుతున్నా ఆపలేకపోతుంటే మాత్రం సిగ్గుపడకుండా డాక్టర్‌ని కలవండి, 2022లో అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ అని దీన్ని జబ్బుల్లోనే చేర్చారు.

ఇంకోటి, స్క్వాడ్‌లో, అంటే గేమ్‌లో కలిసి ఆడే టీమ్‌లో, మనూరోళ్లుంటే చాలా మేలు. మేం నలుగురం ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్‌కి పోతాం, ఫోన్లు బండి డిక్కీలోనే ఉంటాయి, చీకటి పడేదాకా కబుర్లే.