ఇంట్లోనే వాల్-ఈ రోబో చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. ఒంగోలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నావు. 2008లో పిక్సార్ తీసిన ‘వాల్-ఈ’ సినిమాలోని ఆ చెత్త సర్దే రోబోని చిన్న సైజులో, నిజంగా నడిచేలా, తల తిప్పి చూసేలా చేయాలని నీ కోరిక. త్రీడీ ప్రింటర్ లేదు. ఎంత సైజులో చేయాలో తేలక నెలరోజులుగా కాగితాల మీదే ఆగిపోయావు. ఇదీ నువ్వు రాసింది.

నేను నెల్లూరులో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆ సినిమా చూసి అడిగితే మొదలుపెట్టాను. రాత్రిళ్లు, ఆదివారాలు కూర్చుని 14 నెలల్లో పూర్తిచేశాను. దాదాపు 19 వేల రూపాయలు ఖర్చయింది. అందులో నాలుగు వేలు తప్పుల వల్లే పోయాయి. ఆ తప్పులు నీకు తప్పాలని కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు సైజు సంగతి. స్టార్ వార్స్‌లో ఆర్2-డీ2 అనే రోబో ఉంది కదా, దాన్ని షూటింగ్ కోసం నిజంగానే తయారుచేశారు, లోపల మనిషి కూర్చుని కదిలించేవాడు. కాబట్టి దానికి కొలతలు ఉంటాయి. వాల్-ఈ కంప్యూటర్‌లో గీసిన బొమ్మ, టేపు పెట్టి కొలవడానికి అసలు వస్తువంటూ లేదు. కానీ కొలబద్ద సినిమాలోనే ఉంది, వాడు ఏరి దాచుకున్న వస్తువులు చూడు. రూబిక్ క్యూబ్ ఒక్కో వైపు 5.7 సెంటీమీటర్లు. పాత వీడియో కాసెట్ పొడవు 18.7 సెంటీమీటర్లు. ఆ సీన్ల దగ్గర సినిమా ఆపి, స్క్రీన్ మీద స్కేలు పెట్టి కాసెట్ పొడవెంత, వాడి పెట్టె వెడల్పెంత అని కొలువు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: కాసెట్, పెట్టె రెండూ కెమెరాకి ఒకే దూరంలో ఉన్న ఫ్రేమే ఎంచుకో. చేతులు ముందుకు చాచి ఉంటే కాసెట్ పెద్దదిగా కనబడి లెక్క తప్పుతుంది. నేను పదకొండు ఫ్రేములు కొలిచి సగటు తీశాను.

అలా వచ్చేది నిష్పత్తి మాత్రమే. పెట్టెకి తల ఎంత, తలకి మెడ ఎంత అన్నది తెలుస్తుంది. బొమ్మ మొత్తం ఎంత ఉండాలన్నది మాత్రం నువ్వు సొంతంగా చేసుకోలేని భాగాన్ని బట్టి తేలాలి. నా విషయంలో అది ట్రాకు, అంటే ట్యాంకుకి ఉన్నట్టు చక్రాల చుట్టూ తిరిగే పట్టా. నేను మొదట 20 సెంటీమీటర్ల పెట్టె అనుకుని సన్‌బోర్డ్ అనే తేలికపాటి ఫోమ్ షీటు కోసేశాను. ఆ సైజుకి తగ్గ ట్రాకు ఎక్కడా దొరకలేదు, చేత్తో చేసిన రెండూ వారం తిరక్కుండానే తెగిపోయాయి. రెండు నెలలు అక్కడే పోయాయి.

చివరికి ఆటోనగర్‌లో కార్ల మెకానిక్ దగ్గర దారి దొరికింది. కార్ల ఇంజన్లలో ఉండే పళ్ల రబ్బరు బెల్టులు, అదే టైమింగ్ బెల్టులు, ఇన్ని వేల కిలోమీటర్లకని మార్చేస్తారు, పాతవి మూలన పడుంటాయి. ఇంజన్‌కి పనికిరాకపోయినా మన బొమ్మకి అవి ఎంతో గట్టివి. నాకు దొరికినవాటికి 105 పళ్లు, ఒక్కో పన్నుకి 9.5 మిల్లీమీటర్ల దూరం, అంటే చుట్టుకొలత దాదాపు మీటరు. దాన్ని వాల్-ఈ ట్రాకులాగా త్రికోణంగా పరిస్తే కింది అంచు 37 సెంటీమీటర్లు వచ్చింది. దాన్నుంచి పెట్టె 29, తల ఎత్తితే మొత్తం 55 అని అన్నీ వాటంతటవే తేలిపోయాయి. అదే బండి క్రాంక్ దగ్గరుండే పళ్లచక్రం కూడా అడిగి తీసుకున్నాను, పళ్లు పక్కాగా కలుస్తాయి. లేత్ దగ్గర ఆ చక్రాన్ని రెండు వైపులా తీయించి వెడల్పు 15 మిల్లీమీటర్లు చేయించాను. బెల్టు వెడల్పు 25. అంటే అంచుల్లో ఐదైదు మిల్లీమీటర్లు ఖాళీ మిగిలింది, ట్రాకు పలకల స్క్రూలు అక్కడ బిగించొచ్చు, చక్రానికి తగలవు.

పలకలు ఉదయగిరిలో చేయించాను. అక్కడ చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల చేతి పని నీకు తెలిసే ఉంటుంది. మూడు పళ్లకి ఒక పలక చొప్పున ఒక్కో వైపుకి 35, మొత్తం 70. కొలత పలక ఒకటి చేతికిచ్చి, అన్నీ అచ్చం ఇలాగే ఉండాలి పెద్దాయనా అన్నాను. వెర్నియర్‌తో చూస్తే ఎక్కడా అర మిల్లీమీటరుకి మించి తేడా లేదు. ప్రింటర్ లేదని బాధపడుతున్నావు కదా, మన చుట్టూ ఇలాంటి చేతులున్నాయి. అడిగితే ఇష్టంగా చేస్తారు, వాళ్లకి రావలసిన డబ్బు బేరమాడకుండా ఇవ్వు. పలకల అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు అంటించు, లేదంటే టైల్స్ మీద జారిపోతుంది.

మోటార్లకి కారు వైపర్ మోటార్లు వాడాను. 12 వోల్టులు, నిమిషానికి దాదాపు 45 చుట్లు, మంచి బలం. రెండూ ఒకే మోడల్‌వి తీసుకో. వాటిలో మూడు బ్రష్షులుంటాయి, తక్కువ స్పీడు వైర్లే కలుపు. ఇక్కడే నాకు పెద్ద దెబ్బ తగిలింది, ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. చాలా వైపర్ మోటార్లలో నెగటివ్ వైరు మోటారు బాడీకే కలిసి ఉంటుంది. కారులో అది సౌకర్యమే. మన బొమ్మలో మోటారు వెనక్కి తిరగాలంటే, మోటారుకి కరెంటు అందించే డ్రైవర్ బోర్డు పాజిటివ్, నెగటివ్ తారుమారు చేస్తుంది, అప్పుడు మోటారు బాడీయే పాజిటివ్ అయిపోతుంది. నేను రెండు మోటార్లనీ ఒకే అల్యూమినియం యాంగిల్‌కి బిగించాను. ముందుకి బాగా నడిచింది. అక్కడికక్కడే తిరగమని చెప్పగానే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిరగబోయాయి, రెండు బాడీల మధ్య యాంగిల్ ద్వారా షార్టయి రెండు డ్రైవర్ బోర్డులూ పొగ వదిలాయి. మల్టీమీటర్ ఒక కొన మోటారు వైరుకి, ఇంకో కొన బాడీకి పెట్టి బీప్ వస్తుందేమో ముందే చూసుంటే ఆ డబ్బు మిగిలేది. తర్వాత 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద విడివిడిగా బిగించాను, బ్యాటరీ పక్కనే 10 యాంపుల ఫ్యూజు పెట్టాను. డ్రైవర్‌కి ఎల్298 సరిపోదు, అది తట్టుకునేది రెండు యాంపులు. బీటీఎస్7960 తీసుకో, మోటారుకి ఒకటి చొప్పున.

బొమ్మని నడిపే ప్రోగ్రాం ఉండే చిన్న బోర్డు, ఆర్డుయినో సంగతి నీకు నాకన్నా బాగా తెలిసుంటుంది, ఎక్కువ రాయను. తలలో, చేతుల్లో మొత్తం ఏడు సర్వోలు, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు: మెడ తిరగడానికి ఒకటి, మెడ పైకీ కిందకీ రెండు, కళ్లకి చెరొకటి, చేతులకి చెరొకటి. వాటికి కరెంటు ఆర్డుయినో నుంచి ఇవ్వకు. వోల్టేజి తగ్గించే బోర్డు, బక్ కన్వర్టర్, వేరేగా పెట్టి గ్రౌండ్ (నెగటివ్ వైరు) మాత్రం కలుపు. లేకపోతే మెడ ఎత్తిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంది, ప్రోగ్రాంలో తప్పుందేమోనని రాత్రంతా వెతుక్కుంటావు. సర్వో డ్రైవర్, బక్ కన్వర్టర్లు, ఎంపీ3 బోర్డు నాకు నెల్లూరులో దొరకలేదు. పినాకినిలో చెన్నై వెళ్లి రిచీ స్ట్రీట్‌లో ఒక్క పూటలో అన్నీ తెచ్చుకున్నాను. ఆన్‌లైన్‌లో కూడా వస్తాయి, కానీ సర్వో చేత్తో తిప్పి చూసి కొనుక్కోవడమే నాకిష్టం.

ఇక కళ్లు. నాలుగు నెలలు వీటికే పెట్టాను, ఇంకో నాలుగు పెట్టమన్నా పెడతాను. ఈ సినిమా దర్శకుడు ఆండ్రూ స్టాంటన్ బేస్‌బాల్ ఆట చూడటానికి వెళ్లి, ఎవరో ఇచ్చిన బైనాక్యులర్‌ని తిప్పి తన వైపు పెట్టుకుని చూశాడట. మధ్యలో మడతపెడుతుంటే ఒకసారి దిగులుగా, ఒకసారి కోపంగా కనబడిందట. వాల్-ఈ తల అక్కడే పుట్టింది. ఆ ముఖానికి నోరు లేదు, ముక్కు లేదు. ఉన్న భావమంతా రెండు గొట్టాల వంపులోనే ఉంది. బయటి అంచులు కిందకి జారితే దిగులు, లోపలి అంచులు దిగితే కోపం. పదిహేను డిగ్రీల కదలిక చాలు.

అందుకే నా మాట విని, రంగు, పెట్టె, చేతులు అన్నిటికన్నా ముందు అట్టముక్కలతో ఒక తల చెయ్యి. మోటార్లు వద్దు, దారాలు కట్టి చేత్తో లాగు. మా అమ్మాయి వారం రోజులు అలా ఆడించింది, నేను ఫోన్‌లో వీడియో తీశాను. రెండు కళ్లూ ఒకేసారి కదిలితే బొమ్మలాగే ఉంది. ఒక కన్ను కొంచెం ముందు వంగి, రెండోది తర్వాత వంగితే ఏదో ఆలోచిస్తున్నట్టుంది. అది తనే కనిపెట్టింది. ‘ఇప్పుడు చూస్తున్నాడు నాన్నా’ అంది. ఆ వీడియో మీద క్షణాలు లెక్కపెట్టి అదే ప్రోగ్రాంలో పెట్టాను: ముందు కళ్లు, పావు సెకను ఆగి మెడ, ఆ తర్వాతే ట్రాకులు. సర్వోని నేరుగా కావలసిన కోణానికి పంపితే టక్కున కొట్టుకున్నట్టు వెళుతుంది. ప్రతి 20 మిల్లీసెకన్లకీ మిగిలిన దూరంలో పదో వంతు మాత్రమే కదిలించు. దగ్గరపడే కొద్దీ వేగం దానంతటదే తగ్గుతుంది, మనిషి తల తిప్పినట్టుంటుంది. కదలిక ఆగాక కళ్ల సర్వోలకి సిగ్నల్ ఆపెయ్యి, లేకపోతే నిశ్శబ్దంగా చూడాల్సిన చోట గుయ్యిమంటూ ఉంటాయి.

తల బరువు 400 గ్రాములు దాటనివ్వకు. కంటి గొట్టాలు పలచటి పీవీసీ పైపు, ముందు చిన్న భూతద్దం, దాని వెనక నల్లటి చార్టుతో చేసిన గరాటు. ఆ లోతు ఉంటేనే చూపు ఉంటుంది, నల్లరంగు పూసిన బిళ్ల పెడితే గుడ్డిదానిలా ఉంటుంది. మెడకి వెనక నుంచి ఒక స్ప్రింగు లాగి కడితే సర్వో మీద బరువు తగ్గి వేడెక్కకుండా ఉంటుంది. చేతులు పెట్టె పక్కన గాడిలో జరగాలి కదా, దానికి ఫర్నిచర్ సామాన్లమ్మే కొట్టులో దొరికే చిన్న డ్రాయర్ చానెల్ సరిపోతుంది.

మన ఎండల గురించి ఒక మాట. నా పని గది రేకుల షెడ్డు. మే నెలలో ఒక మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఎడమ కన్ను ఊడి వేలాడుతోంది, గ్లూ గన్‌తో అంటించిన జాయింట్లన్నీ మెత్తబడిపోయాయి. పెట్టె పైకప్పు సన్‌బోర్డ్ కూడా వంగింది. గ్లూ గన్ అట్ట నమూనా వరకే వాడు. అసలు బొమ్మకి స్క్రూలు, అరాల్డైట్. పైకప్పుకి ఏసీపీ షీటు (రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది) ముక్క వేశాను, షాపుల ముందు బోర్డులు చేసేవాళ్ల దగ్గర ముక్కలు ఊరికే ఇచ్చారు.

రంగు చివర్లో, తీరిగ్గా. ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అది ఆరాక అంచుల మీద తడిచేసి రాళ్ల ఉప్పు చల్లు, పైన పసుపు స్ప్రే కొట్టు. ఆరాక ఉప్పు రాలిస్తే కింది ఎరుపు మచ్చలుగా బయటపడి అచ్చం తుప్పులా ఉంటుంది. ఎక్కడ తుప్పు పట్టాలో తెలుసుకోవడానికి మైపాడు వెళ్లి ఉప్పుగాలికి పాడైన ఇనుప గేట్లు, పడవల సామాన్లు ఫోటోలు తీసుకొచ్చాను. తుప్పు బోల్టు దగ్గర మొదలై చారలా కిందకి కారుతుంది, సమంగా పరుచుకోదు. అది చూశాక చేసిన రెండో పెయింటింగ్‌కి, చూడకుండా చేసిన మొదటిదానికి పోలికే లేదు.

నా షెడ్డులో అలాంటి పాత బెల్టుల జత ఇంకొకటి ఉంది, 105 పళ్లవే. మూడు పలకలు కూడా ఎక్కువ చేయించినవి ఉన్నాయి, కొలతకి పనికొస్తాయి. ముందు అట్ట తల చేసి దాని వీడియో ఇక్కడ పెట్టు. చెన్నైకి సామాన్ల కోసం వెళ్లే రోజు ముందుగా చెబితే, పినాకిని నెల్లూరులో ఆగినప్పుడు స్టేషన్‌కి వచ్చి ఇచ్చేస్తాను.